బీచ్ క్యాంపులు నడిపే మిత్రులకు: పోస్టర్ వేసే ముందు ఊరిని అడగండి

విజయవాడ, గుంటూరు నుంచి శని, ఆదివారాల్లో బీచ్ క్యాంపులు నడిపే గ్రూపుల నిర్వాహకులందరికీ నమస్కారం.

మీలో కొంతమంది నాకు బాగా తెలుసు. మీరు వేసిన టెంట్లలో పడుకున్నాను, మీరు కాల్చి పెట్టిన చేపలు తిన్నాను. వారమంతా ఆఫీసు టెన్షన్‌తో నలిగిపోయిన కుర్రాళ్లు, ఇంట్లో ఎలాగోలా ఒప్పించుకుని మొదటిసారి రాత్రి బయట ఉండటానికి వచ్చిన అమ్మాయిలు, తెల్లారేసరికి సముద్రం ముందు నిలబడి ఊపిరి పీల్చుకోవడం దగ్గర నుంచి చూశాను. గుంటూరు నుంచి బాపట్ల మీదుగా సూర్యలంక, విజయవాడ నుంచి మచిలీపట్నం మీదుగా మంగినపూడి, రెండూ రెండు గంటల దూరంలోపే. చీరాల, బాపట్ల అయితే రైల్లో కూడా దిగొచ్చు. ఇంత దగ్గర్లో సముద్రం ఉండి కూడా మన రెండు ఊళ్లవాళ్లలో చాలామందికి ఆ అలవాటు లేదు, మీరు చేశారు. అందుకే ఈ క్యాంపులు ఆపమని రాయట్లేదు, ఇవి నాలుగు కాలాలు నడవాలనే రాస్తున్నాను.

అడిగేది ఒక్కటే. మీరు టెంట్లు వేసే ప్రతి తీరం పక్కనా ఒక ఊరు ఉంది. పోస్టర్ వేసే ముందు, డబ్బులు వసూలు చేసే ముందు ఆ ఊరిని అడగండి. వాళ్లు సరేనంటేనే వెళ్లండి, ఎక్కడ వేసుకోమంటే అక్కడే వేసుకోండి, వచ్చిన డబ్బులో న్యాయమైన వాటా ఆ ఊళ్లో మిగలనివ్వండి.

ఈ మధ్య మీ పోస్టర్లలో 'జనం లేని తీరం', 'మన సొంత బీచ్' అని రాస్తున్నారు. శనివారం సాయంత్రం ఐదింటికి వెళితే నిజంగానే ఎవరూ కనిపించరు. కానీ అదే ఇసుక మీద తెల్లవారుజామున మూడున్నరకి లేచి చూడండి. చేతిలో టార్చిలైటు, ఇంకో చేతిలో అన్నం క్యారేజీ పట్టుకుని ఒక్కొక్కరే ఊళ్లోంచి వస్తుంటారు. పదిమంది కలిసి ఫైబర్ బోటుని భుజాలతో నెట్టుకుంటూ నీళ్లలోకి దించుతారు. ఆ బోటు దిగడానికి ఒక దారి ఉంటుంది, మనకి అది మామూలు ఇసుకలాగే కనిపిస్తుంది. ఆ దారికి అడ్డంగా ఇరవై టెంట్లు వేసి, లోపల అందరం నిద్రపోతుంటే వాళ్లేం చేయాలి? నేను చూసినప్పుడు ఏం చేశారంటే, మనల్ని లేపడం ఇష్టంలేక బోటుని చుట్టూ తిప్పి, మెత్తటి ఇసుకలో ఇంకో నలభై గజాలు ఎక్కువ నెట్టుకుని వెళ్లారు. ఒక్కరు కూడా గట్టిగా అరవలేదు. పొద్దున్నే ఈ సంగతి చెబితే మనవాళ్లలో ఎవరికీ తెలియనే తెలియదు.

అలివి వల లాగడం మీలో ఎంతమంది చూశారో తెలియదు. తాడు ఒక కొస ఒడ్డున ఉంచి, పడవ మీద వల వేసుకుంటూ అర్ధచంద్రాకారంలో సముద్రంలోకి వెళ్లి, రెండో కొసని దూరంగా ఇంకోచోట ఒడ్డుకి తెస్తారు. అటొక జట్టు, ఇటొక జట్టు, ఆడా మగా కలిసి గంటల తరబడి లాగుతారు. లాగేకొద్దీ రెండు జట్లూ ఒకరివైపు ఒకరు జరుగుతూ వస్తారు. అంటే వాళ్లకి కావలసింది వల ఒడ్డుకి వచ్చే చోటు ఒక్కటే కాదు, ఆ మధ్యలో ఉన్న తీరమంతా కావాలి. ఒకరోజు పొద్దున నిజాంపట్నం వైపు ఒక పల్లెలో అలా లాగుతున్నవాళ్లలో ఒక పెద్దాయన పాదానికి పాత లుంగీ గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ ఎర్రగా తడిసిపోయింది. సీసా పెంకు దిగిందట. మడమ ఇసుకలో తన్నిపెట్టి తాడు లాగాలి కాబట్టి ఆ పనికి చెప్పులు పనికిరావు, వల సగంలో ఉన్నప్పుడు తాడు వదిలితే చేప పోతుంది కాబట్టి ఆయన వదల్లేదు. "కూర్చో బాబాయ్" అని పక్కవాళ్లు అంటూనే ఉన్నారు, ఆయన లాగుతూనే ఉన్నాడు. ఆ సీసా ఎవరిదో నేను చెప్పలేను. వేటకి వెళ్లేవాళ్లెవరూ పొద్దున్నే అక్కడ బీరు సీసాలు పగలగొట్టరు, అంతవరకు మాత్రం చెప్పగలను.

ఎండ పెరిగాక ఆడవాళ్ల పని మొదలవుతుంది. పాత వలలు పరిచి, వాటి మీద నెత్తళ్లు, చిన్న రొయ్యలు ఆరబెడతారు, గంట గంటకీ తిరగేస్తుంటారు. ఆ వాసన పడక ముక్కు మూసుకుని ఫొటోలు తీసుకునేవాళ్లని చూశాను, ఆ వలల మీదుగానే బూట్లతో నడిచి వెళ్లిన వాళ్లనీ చూశాను. మన గుంటూరు వైపు కళ్లంలో మిరపకాయలు ఆరబోసి ఉంటే వాటి మధ్యలోంచి నడుస్తామా? కాయకి మట్టి అంటితే రేటు పోతుందని చిన్నపిల్లాడికి కూడా తెలుసు ఇక్కడ. అక్కడా అంతే, ఇసుక పడ్డ ఎండుచేపకి రేటు రాదు.

ఇంకో విషయం ఎవరూ మాట్లాడరు కాబట్టి నేనే రాస్తాను. ముప్పై మందిని తీసుకెళ్లి రాత్రంతా ఉంచుతారు, మరుగుదొడ్డి ఏర్పాటు ఉండదు. "సరుగుడు తోటలోకి వెళ్లండి" అంటారు. ఆ తోటలోనే ఊరి ఆడవాళ్లు పొద్దున పుల్లలు ఏరుకుంటారు, పిల్లలు అటునుంచే నడుస్తారు. చాలా చోట్ల ఆ దగ్గర్లోనే ఇసుకలో చెలమలు తవ్వుకుని మంచినీళ్లు తోడుకుంటారు. సముద్రం పక్కనే తియ్యటి నీళ్లు ఎలా వస్తాయంటే, వాన నీళ్లు ఇసుకలోకి ఇంకి, బరువైన ఉప్పునీటి పైన పలచటి పొరలా నిలుస్తాయి. అది పాడైతే మళ్లీ ట్యాంకర్ కోసం బిందెలు పట్టుకుని నిలబడటమే. మన గ్రూపులో వచ్చిన అమ్మాయిలకి కూడా ఆ చీకట్లో తోటలోకి వెళ్లడం ఎంత భయమో ఎప్పుడైనా అడిగారా? మడతపెట్టి తీసుకెళ్లే టాయిలెట్ టెంట్లు దొరుకుతున్నాయి. ఊళ్లోనే రెండు మూడు ఇళ్లతో మాట్లాడుకుని, డబ్బులిచ్చి, వాళ్ల బాత్‌రూములు వాడుకోవచ్చు. ఇది కూడా చేయలేకపోతే క్యాంపు పెట్టకండి.

ఆ సరుగుడు చెట్లు అక్కడ ఊరికే లేవు. గాలివాన, ఉప్పెన దెబ్బ కొంతైనా తగ్గుతుందని నాటినవి అవి. వాటి కొమ్మలు విరిచి మంట వేయడం, ఎండాకాలంలో ఆ ఎండు ఆకుల పక్కనే నిప్పులు వదిలేసి రావడం, రెండూ ఆ ఊరి రక్షణని తగలబెట్టడమే. కట్టెలు కావాలంటే కొనుక్కుని తీసుకెళ్లండి.

ఇప్పుడు సముద్రం గురించి. ఇది రాసేటప్పుడు నాకు నిజంగా భయంగా ఉంది. సూర్యలంక, రామాపురం, మంగినపూడి తీరాల్లో స్నానానికి దిగి కొట్టుకుపోయిన పిల్లల వార్తలు ఏటా చదువుతున్నాం. వాళ్లలో ఈతరాని వాళ్లే కాదు, కృష్ణలో, కాలవల్లో బాగా ఈదినవాళ్లూ ఉంటారు. కాలవ ఈత వేరు, సముద్రం వేరు. ఒడ్డుకి వచ్చిన నీళ్లన్నీ మళ్లీ లోపలికి వెళ్లాలి కదా, అవి కొన్నిచోట్ల సన్నటి పాయగా చేరి జోరుగా లోపలికి పోతాయి. చిక్కేమిటంటే అక్కడ అలలు పెద్దగా విరగవు, నీళ్లు కాస్త నల్లగా, నెమ్మదిగా కనిపిస్తాయి, కొత్తవాళ్లు అదే మంచి చోటని దిగుతారు. లాగేసినప్పుడు ఒడ్డు వైపే ఈదుతూ అలిసిపోయి మునిగిపోతారు. అప్పుడు కంగారుపడకుండా తేలుతూ, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, ఆ పాయ దాటాక ఒడ్డుకి తిరగాలి. ఈ నాలుగు మాటలు టెంపో ట్రావెలర్‌లో వెళ్లేటప్పుడే అందరికీ చెప్పండి, పాటలు తర్వాత పెట్టుకోవచ్చు. పైగా ఆ పాయలు ఒకేచోట ఉండవు, ఇసుక కదిలేకొద్దీ మారుతుంటాయి. పోయిన నెల బాగున్న చోటు ఈ నెల బాగుంటుందని చెప్పలేం. ఈరోజు ఎక్కడ లాగుతోందో తెలిసినవాళ్లు ఆ ఊరివాళ్లే.

ఎవరైనా కొట్టుకుపోతే ముందు పరిగెత్తేదీ వాళ్లే. వేట మానుకుని, సొంత డీజిల్ పోసుకుని, శవం దొరికేదాకా వెతుకుతారు. మనం ఆ ఊరిని ఒక మాట కూడా అడగకుండా వెళ్లి, మన తప్పుకి వాళ్లని సముద్రంలోకి పంపడం ఏం న్యాయం?

పౌర్ణమి క్యాంపులని మీకు మంచి డిమాండ్ ఉంది, వెన్నెల్లో సముద్రం చూడటం గొప్పగానే ఉంటుంది, కాదనను. కానీ పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఎక్కువ. సాయంత్రం పొడిగా కనిపించిన చోటే అర్ధరాత్రి నీళ్లు టెంటు కిందికి రావచ్చు. పైన ఎండు నాచు, చెత్త గీతలా పేరుకుని ఉంటుంది చూడండి, ఇటీవల నీళ్లు అంతదాకా వచ్చాయని గుర్తు. టెంటు దానికి బాగా పైన ఉండాలి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ మన తీరానికి అలల ఎత్తు, ప్రవాహాలు, పెద్ద అలల హెచ్చరికలు రోజూ ఇస్తుంది, వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగానే చూడొచ్చు. వేటకి వెళ్లేవాళ్లకి చేరే సమాచారం క్యాంపు నడిపే మీకెందుకు చేరకూడదు? సూర్యలంకలో వైమానిక దళం కేంద్రం కూడా ఉంది, క్షిపణి పరీక్షలు జరిగే రోజుల్లో అటువైపు వేట కూడా ఆపేయిస్తారు, అది కూడా ముందే కనుక్కోవాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం అని మీకు చెప్పక్కర్లేదు, మిచౌంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. దివిసీమలో 1977 నవంబరు 19 రాత్రి వచ్చిన ఉప్పెన గురించి పెద్దవాళ్లని అడగండి. పది వేలమంది పోయారని ప్రభుత్వ లెక్క, ఊళ్లవాళ్లు ఇంకా ఎక్కువే చెబుతారు. 2004 డిసెంబరు 26 ఆదివారం, పౌర్ణమి స్నానాలకి మంగినపూడి వచ్చినవాళ్లు సునామీలో కొట్టుకుపోయారు. ఈ తేదీలు ఆ తీరంలో ప్రతి ఇంట్లో ఉన్నాయి. "రేపు వాతావరణం బాలేదు, రావద్దు" అని ఆ ఊరి మనిషి ఫోన్‌లో చెబితే, మీరు కట్టిన అడ్వాన్సు పోయినా సరే, ట్రిప్పు మానేయండి. అసలు ఆ ఫోన్ చేసే మనిషి మీకు ఉండాలి, నేను చెప్పేది అదే.

చేపల బోటు మీద షికారు తీసుకెళ్లమని వాళ్లని ఒత్తిడి చేయడం ఆపండి. వల వేయడానికి కట్టిన బోటు అది, జనాన్ని ఎక్కించడానికి కాదు, లైఫ్ జాకెట్లు అందరికీ ఉండవు. 2017 నవంబరు 12న విజయవాడ పక్కనే ఉన్న మన పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో, అనుమతి లేని బోటు తిరగబడి ఇరవైమందికి పైగా చనిపోయారు. నదిలోనే అంత జరిగింది. ఐదొందలు ఎక్కువిస్తామంటే మొహమాటానికో అవసరానికో ఒప్పుకునే మనిషి దొరుకుతాడు, అడగకుండా ఉండాల్సింది మనం.

తాబేళ్ల సంగతి కూడా ఇక్కడే రాస్తాను, మీ సీజనూ వాటి సీజనూ ఒకటే కాబట్టి. డిసెంబరు, జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి, రాత్రిపూటే వస్తాయి. ఇసుకలో గొయ్యి తవ్వి వంద, అటూ ఇటూగా గుడ్లు పెట్టి, కప్పేసి వెళ్లిపోతాయి. నెలన్నర, రెండు నెలలకి పిల్లలు బయటికొచ్చి ఎటు వెలుతురు ఉంటే అటు నడుస్తాయి. చీకటి రాత్రి సముద్రం మీదే వెలుతురు ఎక్కువ కాబట్టి అటే వెళ్లాలి, కానీ ఒడ్డున మంట, ఫ్లడ్‌లైట్లు, డీజే లైట్లు ఉంటే ఇటే వచ్చి చచ్చిపోతాయి. తల్లి తాబేలు కూడా జనం, వెలుతురు ఉంటే గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోతుంది. ఇసుక మీద జీపులు, బైకులు తిప్పితే కింద గూడు ఉందో లేదో ఎలా తెలుస్తుంది? అటవీ శాఖ వాళ్లు సూర్యలంక, నిజాంపట్నం వైపు ఆ గుడ్లు ఏరి సంరక్షణ కేంద్రాల్లో పొదిగిస్తారు, ఆ పనికి తీరం వెంట రాత్రుళ్లు నడిచేది ఎక్కువగా ఈ ఊళ్ల కుర్రాళ్లే. పిల్లల్ని సముద్రంలోకి వదిలే రోజు తెలుసుకుని మీ గ్రూపుని అక్కడికి తీసుకెళ్లండి, అరచేతిలో సగం ఉండదు ఆ పిల్ల, తడి ఇసుక మీద రెక్కలు కొట్టుకుంటూ నీళ్లవైపు వెళుతుంది, ఏ డీజే రాత్రి కంటే కూడా మీవాళ్లకి అదే గుర్తుంటుంది. హంసలదీవి వైపు కృష్ణా అభయారణ్యం పరిధిలోకి వచ్చే చోట్ల అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగే పెట్టకూడదు, అక్కడ రాత్రి క్యాంపులకి ఎవరూ బుకింగులు తీసుకోవద్దు.

డబ్బు విషయానికి వస్తే నాకు బాధ ఎక్కువ. తలకి రెండు వేల దాకా తీసుకుంటున్నారు. బండి, టెంట్లు, సౌండ్ బాక్సు అన్నీ ఇక్కడివే. చివరికి చికెన్ కూడా బెజవాడ నుంచి ఐస్‌బాక్సులో పట్టుకెళుతున్నారు, చేపల ఊరికి! ఆ ఊళ్లో మిగిలేది పాలప్యాకెట్లకీ సిగరెట్లకీ ఇచ్చిన డబ్బు, చెత్త. ఊళ్లో డ్వాక్రా సంఘం ఉంటుంది, పది మంది ఆడవాళ్లు కలిసి ముప్పై మందికి అన్నం, చేపల పులుసు, నెత్తళ్ల వేపుడు వండిపెట్టడం వాళ్లకి లెక్కే కాదు. పొద్దున వచ్చిన చేప మధ్యాహ్నానికి విస్తట్లో ఉంటుంది. ఆ పులుసు ఒకసారి తిన్నవాడు మీ బార్బెక్యూ అడగడు.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది వేట నిషేధం రోజుల గురించి. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్లు, మోటారు బోట్లు సముద్రంలోకి వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి అది అవసరమే. ప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో పది వేలు చేశారు, 2025లో ఇరవై వేలు అయింది. రెండు నెలలకి ఒక కుటుంబానికి ఇరవై వేలంటే నెలకి పది, అప్పు మీద వడ్డీ అలాగే నడుస్తుంటుంది. సరిగ్గా అవే రోజులు మన పిల్లల వేసవి సెలవులు! గుంటూరు ఎండలో కాలు బయట పెట్టలేం, అక్కడేమో సాయంత్రమయ్యేసరికి సముద్రపు గాలి వీస్తుంది. బోట్లన్నీ ఒడ్డున ఉంటాయి, మనుషులు ఖాళీగా ఉంటారు, తీరంలో వాళ్ల పనికి మనం పెద్దగా అడ్డం రాం. వల అల్లడం నేర్పించడం, ముడులు వేయడం, నక్షత్రాలు చూసి దిక్కు ఎలా పోల్చుకుంటారో చెప్పడం, కుర్రాళ్లని ఒడ్డు కాపలాకి పెట్టడం, ఇవన్నీ వాళ్లు చేయగలరు, మన పిల్లలకి కావలసిన అడ్వెంచర్ కూడా అదే. మోటారు లేని తెప్పలకి నిషేధం లేదు కాబట్టి కొందరు అప్పుడూ వేటకి వెళుతూనే ఉంటారు, వాళ్ల దారి మాత్రం వదిలేయాలి. మే నెలలోనూ తుపాన్లు రావచ్చు, 1990 మే తుపాను మన తీరంలో ఎవరూ మరచిపోలేదు, కాబట్టి హెచ్చరికలు చూసుకునే వెళ్లాలి. కానీ ఈ రెండు నెలలూ ఆ ఊళ్లతో కలిసి సరిగ్గా నడిపితే, మిగతా ఏడాదంతా మీరు ఎక్కడికి వెళ్లినా "రా అన్నా" అనే మనుషులు ఉంటారు.

పర్యాటక శాఖ వారికీ, బాపట్ల, కృష్ణా జిల్లాల అధికారులకీ కూడా ఒక మాట. ప్రమాదం జరిగిన వారం బీచ్ మూసేసి, తర్వాత తెరిచేయడం వల్ల ఒరిగేదేం లేదు. ఆ ఊళ్ల కుర్రాళ్లనే లైఫ్‌గార్డులుగా శిక్షణ ఇప్పించి, జీతమిచ్చి పెట్టండి. గోవాలో కేంద్ర ప్రభుత్వ జల క్రీడల సంస్థ ఆ శిక్షణ ఇస్తుంది. క్యాంపు పెట్టాలంటే ఊరి అనుమతి కాగితం ఉండాలని ఒక నియమం చేస్తే, ఈ ఉత్తరం రాయాల్సిన అవసరమే ఉండదు.

ఊరిని అడగడం అంటే ఎవర్ని అడగాలని కొందరు నన్ను అడిగారు. ఒక్క సర్పంచ్‌ని కలిస్తే సరిపోదు. మత్స్యకారుల సంఘం ఉంటుంది, కుల పెద్దలుంటారు, డ్వాక్రా ఆడవాళ్లుంటారు, వాళ్లందరూ ఉన్నప్పుడు రామాలయం దగ్గరో గంగమ్మ గుడి దగ్గరో కూర్చుని మాట్లాడాలి. ఫోన్‌లో కాదు, ముందుగా ఒకసారి ఖాళీ చేతులతో వెళ్లి కూర్చోవాలి. ఎన్ని టెంట్లు, ఎక్కడ, ఎన్నింటికి లైట్లు ఆపాలి, మందు ఉండకూడదా, చెత్త ఎవరు మోయాలి, వంటకి ఎంత, కాపలాకి ఎంత, అన్నీ అక్కడే తేల్చుకుని కాగితం మీద రాసుకోండి. కొన్ని ఊళ్లు వద్దంటాయి. వద్దంటే వద్దు, ఇంకో ఊరికి వెళ్లండి. టెంపో ఎక్కే ప్రతి మనిషి ఫోన్‌లో అత్యవసరానికి 112, కోస్ట్‌గార్డ్ 1554 నంబర్లు, ఆ ఊళ్లో మీకు పరిచయమైన మనిషి నంబరు ఉండాలి.

మీలో ఎవరు ముందుకొచ్చినా, ఆ మొదటి మాటలకి మీతో పాటు నేనూ వస్తాను. బాపట్ల వైపైనా సరే, దివిసీమ వైపైనా సరే. వచ్చే ఏప్రిల్ 15 లోపు కనీసం రెండు ఊళ్లతో ఒప్పందం కుదిరితే, ఆ వేసవికే మొదలుపెట్టొచ్చు. ఏ ఆదివారం వీలవుతుందో చెప్పండి.

ఇట్లు,
మీ క్యాంపులకి వచ్చే ఒక గుంటూరు వాసి